చింతపండుతో తోమిన లెన్సు

మా పెద్దోడు పోయి ఎనిమిది నెలలైంది. వాడి పెద్ద చెక్క కెమెరాకు కొన్న పాత ఇత్తడి లెన్సుకు, ఫొటో తీసేటప్పుడు వెలుతురును క్షణంపాటు లోపలికి వదిలే షట్టర్ లేదు. వేరే షట్టర్ సంపాదించి, రెండింటినీ కలిపే రింగు చేయించాలని తిరుగుతూనే పోయాడు. ఆ ఒక్క పనైనా నేను పూర్తి చేద్దామని, లెన్సును చింతపండుతో తోమి, ఈ రోజు గోదావరిఖనిలో లేత్ మిషన్ అతని దగ్గరికి తీసుకెళ్లాను.

"అక్కా, రింగు యాడ కూసోవాల్నో నీ కొడుకు ఈ లెన్సు మీదనే పెన్నుతోని గీత గీసి, పక్కన కొలతలు రాసిండు. నాకు సూపెట్టిండు గూడ. ఏవి?" అన్నాడు.

"బొగ్గు మసి అనుకొని తోమిన తమ్మీ."

"గట్లెట్ల తోమినవక్కా! ఆ లెక్క ఆనికే ఎరుక."

లెన్సు కొత్తదానిలా మెరుస్తోంది. వాడి రాతను నా చేతులతోనే కడిగేశాను. పోయినవాళ్ల సామాన్లు మీరు తుడుస్తారా, దుమ్ముతోనే ఉంచుకుంటారా? తోమకముందే మిమ్మల్ని అడగాల్సింది.