గోరింకలన్నీ ఒక్క చెట్టు మీదికే ఎందుకొస్తాయో చెప్పిన బాబాయి

మంగళవారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. మినపప్పు రుబ్బి వడియాలు పెట్టాను. సాయంత్రం డాబా కడిగాను. ఆరింటికి పక్కింటి డ్రైవరు బాబాయి పోయారు. రోజూ రాసుకునే పనుల వరసలో ఆ మాట రాశాను గాని ఇంకా నమ్మలేకపోతున్నాను. నాలుగింటికి మా గుమ్మంలో నిలబడి టీ తాగిన మనిషి.

సాలూరులో చాలా ఏళ్లు లారీ నడిపి మానేశాక, ఆయన సాయంత్రాలన్నీ మా వీధి చివర, మా డాబా పక్కనే ఉన్న నిద్రగన్నేరు కింద కుర్చీలోనే గడిచాయి. పొద్దు గుంకేసరికి ఊళ్లోని గోరింకలన్నీ ఆ చెట్టు మీద చేరతాయి. మా డాబా నిండా రెట్టలు. నేను పళ్లెం వాయించి తోలేదాన్ని. కింద నుంచి ఆయన కేకేసేవారు.

"ఒసే అమ్మీ, నీ పళ్లెం సొట్టపోతాది గాని అవి పోవే."

"ఇన్ని చెట్లుండగా దీని మీదే పడి కొట్టుకుంటాయేటి బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"ఘాటీ రోడ్డు దిగి మా లారీలోళ్లమంతా ఒక్క హోటలు కాడే ఎందుకాగుతాం? ఒంటరి బండైతే దొంగలు టార్పాలిన్ కోసేస్తారు. పది బళ్లుంటే ఎవుడో ఒకడు మెలకువగా ఉంటాడు. ముందు జాగా కోసం తగువు, తర్వాత కబుర్లు. పొద్దున్న లోడు దొరికే సోటు తెలిసినోడు తిన్నగా పోతాడు, తెలీనోడు ఆడెనకాల పోతాడు. ఇవీ అంతే. తెల్లారగట్ల లెగిసి సూడు."

"తెల్లారితే నాకు ఇడ్లీల పని."

"అయితే బాకీ రాసుకో. అన్నీ రాస్తావు కదేటి."

నిజంగానే రాసుకున్నాను. నెల దాటినా తీర్చలేదు.

మంగళవారం కూడా పళ్లెం వాయించాను. కింద నుంచి కేక రాలేదు. ఈ రోజు నేనే గెలిచాననుకుని ఇంకా గట్టిగా వాయించాను. తొంగిచూస్తే ఆయన కుర్చీలో తల వాల్చి ఉన్నారు. కునుకనుకున్నాను. వాళ్లావిడ, మా పిన్ని, ఆయన భుజం పట్టుకుని తల పైకెత్తింది.

"వాయించకే అమ్మీ. మీ బాబాయి లేవట్లేదు."

ఆ మోతలో ఆయన నన్ను పిలిచారేమో. నాకు తెలియదు. ఇక తెలియదు.

బుధవారం. ఇడ్లీలు వెయ్యలేదు. పిన్ని దగ్గర నుంచి లేచి వచ్చి, వెలుగు రాకముందే డాబా ఎక్కాను. చెట్టంతా గోలగా ఉంది. ఉన్నట్టుండి ఆగింది. నాలుగైదు గోరింకలు లేచి, అటూ ఇటూ చూడకుండా పొలాల వైపు పోయాయి. వాటి వెనకాలే చెట్టంతా లేచింది. కింద కుర్చీ ఎవరూ తియ్యలేదు. దాని మీద రాత్రి పడ్డ రెట్టలు.

గోరింకలు పోవడం చూడాలి, బాబాయికి బాకీ: తీరింది.