దొంగ లైట్లు

ఎనభైల్లో టేకులపల్లిలో ఉండేవాళ్లం. డిసెంబరు తెల్లవారుజామున అడవి దారంతా పొగమంచే. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుండేది. మా పాత కారుకు కింద పసుపు ఫాగ్ లైట్లున్నా, అవి హెడ్‌లైట్లు వేస్తేనే వెలిగేవి. మా నాన్న లారీలకు వైరింగ్ చేసేవాడు, నాకూ ఆ పని వచ్చు. బ్యాటరీ నుంచి వేరే వైరు లాగి, ఫ్యూజు పెట్టి, విడిగా స్విచ్ బిగించాను.

"ఆడదానికి గీ వైర్ల పనేంది?" అని మా అత్త సణిగింది.

క్రిస్మస్ పొద్దున అత్తను ఎక్కించుకుని, డిక్కీలో హార్మోనియం పెట్టుకుని చర్చికి బయలుదేరాను. పసుపు లైట్లు మాత్రమే వేశాను. అటవీ చెక్‌పోస్టు దగ్గర గార్డు లాఠీ అడ్డం పెట్టాడు.

"హెడ్‌లైట్లు బంద్ పెట్టి గీ దొంగ లైట్లేందమ్మా? టేకు దొంగలే గిట్ల వస్తరు. డిక్కీ తియ్."

హార్మోనియం చూశాక కూడా, "ఆ లైట్ల వైరు పీకెయ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "పీకను. నా పక్కన కూసోండ్రి. హెడ్‌లైట్లేస్త. తొవ్వ కనబడితే మీరే పీకుండ్రి."

కూర్చున్నాడు. హెడ్‌లైట్లు వేసి మెల్లగా కదిలించాను. అంతా తెలుపే.

"బంద్ చెయ్యమ్మా, జల్దీ!" అని అరిచాడు.

పసుపు లైట్లకు మార్చగానే బానెట్ ముందే ఎడ్లబండి! బ్రేకు తొక్కాను.

వెనక సీట్లోంచి అత్త గార్డును అడిగింది: "ఇంకా పీకుతవా బిడ్డా?"

గార్డు దిగి వెళ్లిపోయాడు.

తర్వాత కూడా ఆ వైరు తీసెయ్యమని చాలామంది చెప్పారు. తియ్యలేదు. పైగా స్విచ్ కింద ఎర్రటి గోళ్లరంగుతో 'దొంగ' అని నేనే రాశాను.