రాయి మీద చెయ్యి

"అమ్మ దాన్ని విడదీసే రాసేది. ఫర్ వేరు, ఎవర్ వేరు. నా పుట్టినరోజు కార్డులన్నిటి మీదా అంతే!"

"అమ్మ నీ పేరు కూడా తప్పుగానే రాసేదిరా. అదీ అలాగే చెక్కిద్దామా? ఫరెవర్ అని లోకమంతా కలిపే రాస్తోంది."

లిపా ఊరి శ్మశానం గేటు పక్కన, సమాధి రాళ్ళు చెక్కే టెబాన్ కొట్టు ముందు లోర్నాకీ, ఆమె తమ్ముడు ఎర్విన్‌కీ పొద్దున్నుంచీ ఇదే గొడవ. చలవరాయి మీద తల్లి పేరు, తేదీలు చెక్కడం అయిపోయింది. ఫరెవర్ అన్న మాట ఉండే ఆఖరి వరస ఒక్కటే మిగిలింది. రేపు ఉందాస్, పోయినవాళ్ళని తలుచుకునే పండగ. ఊరంతా అన్నం గిన్నెలతో, కొవ్వొత్తులతో తమవాళ్ళ సమాధుల దగ్గర చేరుతుంది. రాయి లేకపోతే బంధువుల నోళ్ళలో పడ్డట్టే.

పక్క కొట్లవాళ్ళు మిషన్లు పెట్టినా టెబాన్ చేత్తోనే చెక్కుతాడు. ఆ చేతి కోసమే జనం వస్తారు. ఆయనకో కట్టుబాటు ఉంది. పోయినవాళ్ళ పిల్లలందరూ రాయి మీద చెయ్యి వేసి సరే అంటేనే ఉలి పడుతుంది.

"కలిపి చెక్కించుకున్నవాళ్ళూ ఉన్నారమ్మా, విడదీసినవాళ్ళూ ఉన్నారు," అన్నాడు టెబాన్. చల్లారబోతున్న గొడవ మళ్ళీ రాజుకుంది.

రాయి నునుపు చేస్తున్న ఆయన మేనల్లుడు రోమెల్‌కి ఒళ్ళు మండింది. గొడవలు తెంచే మనిషి ఇవాళ ఎగదోస్తున్నాడేమిటి? తలెత్తి చూశాడు. మామ కుడిచెయ్యి జేబులో ఉంది. జేబు గుడ్డ వణుకుతోంది. రాయి వైపు చూశాడు. ఆఖరి అంకె పక్కన పెచ్చు లేచిపోతే మైనం అద్ది కప్పేసినట్టుంది.

అంటే మామ చెయ్యి పట్టు తప్పిందన్నమాట. ఈ సంగతి బయటపడితే రేపటినుంచి ఈ గుమ్మం తొక్కేవాడుండడు.

"కలిపే చెక్కించక్కా," అన్నాడు ఎర్విన్ హఠాత్తుగా. "చీకటి పడితే రాయి ఎవడు బిగిస్తాడు? పిన్ని అడిగితే మాత్రం నువ్వే చెప్పుకో." రాయి మీద అరచెయ్యి పెట్టాడు. లోర్నా కళ్ళు తుడుచుకుని తన చెయ్యీ పెట్టింది.

"కానివ్వండి, మాంగ్ టెబాన్. ఇక్కడే నిలబడతాం," అందామె ఆ పెద్దాయనతో.

టెబాన్‌కి సాకు మిగల్లేదు. ఉలి తీశాడు. సుత్తి పడకముందే ఉలి రాతికి తగిలి టకటకమంది. ఆ చప్పుడు వాళ్ళకి వినపడకుండా రోమెల్ గట్టిగా దగ్గాడు. టెబాన్ దుమ్ము ఊదుతున్నట్టు వంగి, మేనల్లుడి చెవి దగ్గర గొణిగాడు.

"పని నేర్పిస్తున్నట్టు నీ చెయ్యి మీద నా చెయ్యి వేస్తాను. చెక్కడం మాత్రం నువ్వే చెక్కరా."