డాక్టరుగారి స్వీడన్ బిళ్ళ

నోవై ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక తెలుగు డాక్టరుగారు ఉండేవారు. డెబ్భైలలో అమెరికా వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా గుండె జబ్బులకు వైద్యం చేసి రిటైరయ్యారు. మాకూ మా పిల్లలకూ కూడా ఆయన అంకులే. ఎవరు భోజనానికి వెళ్ళినా, కాఫీలయ్యాక అద్దాల బీరువా తెరిచి ఒక బిళ్ళ చూపించేవారు. మన పాత రూపాయి కంటే కాస్త పెద్దది, పసుపు రంగు. ఒకవైపు గడ్డం రాజు, పక్కన రాణి. రెండోవైపు కిరీటం, ఏవో అక్షరాలు. ఆయన పేషెంటు, ఒక స్వీడన్ ముసలావిడ, పోయేముందు దాన్ని ఆయన చేతిలో పెట్టిందట. ఆవిడ అమ్మమ్మ రాజుగారి కోటలో బట్టలు ఉతికేదట. రాజదంపతుల పెళ్ళికి యాభై ఏళ్ళు నిండినప్పుడు పనివాళ్ళకి ఇచ్చిన పతకమట అది.

నేను కార్ల కంపెనీలో ఇంజనీర్ని. నాణేల పిచ్చి ఉంది. మావాళ్ళలో ఎవరికి పాత నాణెం దొరికినా నా దగ్గరికే తెచ్చేవారు. నాణేల పండితుడన్న ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. ఒక సెప్టెంబరు ఆదివారం, పదిహేను మంది ఉండగా, అంకుల్ బిళ్ళని నాకు అందించారు.

"పండితుడివి నువ్వు చెప్పవయ్యా, దీని సంగతి."

ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి, సోఫాలో కూర్చునే వెతికాను. అయిదు నిమిషాల్లో అచ్చం అలాంటిదే కనిపించింది. ఆ వేడుకప్పుడు వీధుల్లో జనానికి అమ్మిన ఇత్తడి టోకెన్.

"అంకుల్, ఇది మెడల్ కాదు. తిరునాళ్ళలో దేవుడి బిళ్ళలు అమ్ముతారు చూడండి, అలాంటిది. ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి."

"ఇన్నేళ్ళూ మాకు ఇత్తడి చూపించారా డాక్టరుగారూ!" అని ఎవరో నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. "పోనీలే, పాపం ఆవిడ నమ్మింది, నేనూ నమ్మాను" అంటూ దాన్ని జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత అది బీరువాలో ఎప్పుడూ కనిపించలేదు.

నవంబరులో ఫోన్ మారుస్తూ ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. నాలుగో ఫొటో బిళ్ళ అంచుది. పెద్దది చేసి చూస్తే, మురికి పట్టిన గీతలనుకున్నవి గీతలు కావు. మూడు కిరీటాల చిన్న ముద్ర, దాని పక్కన చేత్తో చెక్కిన ఒక ఆడమనిషి పేరు. నాణేలవాళ్ళ ఆన్‌లైన్ ఫోరంలో ఆ ఫొటో పెట్టాను. స్వీడన్ నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. మూడు కిరీటాలు వెండికి వేసే ముద్ర అట. ఇది బంగారు పూత పూసిన వెండి. వీధుల్లో అమ్మినవాటి మీద ముద్రా ఉండదు, పేరూ ఉండదు. ఎవరో ఒకరికి ప్రత్యేకంగా ఇచ్చిందే అన్నాడు. "అంచు చూడకుండానే దీన్ని టోకెన్ అన్నదెవరు?" అని చివర్లో అడిగాడు. నేను ఆ పేజీ మూసేశాను.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి, పది నిమిషాల పని" అంది మా ఆవిడ.

"వీకెండ్‌కి వెళ్ళి చెప్తాలే" అన్నాను.

వెళ్ళలేదు. పదిహేను మంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే నా పేరేమైపోతుందో అనిపించింది. ఒకసారి ఆయన ఇంటిదాకా డ్రైవ్ చేసి, గరాజ్‌లో ఆయన్ని చూసి, ఆపకుండా తిరిగొచ్చాను. ఇంకోసారి ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడితే దొండకాయల గురించి మాట్లాడి తప్పించుకున్నాను. మంచు పడింది, కరగడం కూడా మొదలైంది.

"మీరు చెప్పకపోతే నేనే ఆంటీకి చెప్తాను" అంది మా ఆవిడ మార్చిలో. అప్పుడు వెళ్ళాను.

అంకుల్ అంతా విన్నారు. బల్ల సొరుగులోంచి బిళ్ళ తీసి, భూతద్దం పెట్టి అంచు చూశారు.

"నీకు ఎప్పుడు తెలిసిందయ్యా?"

"మొన్ననే, అంకుల్."

ఆలోచించే లోపే ఆ అబద్ధం నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో" అన్నారాయన. "క్రిస్మస్‌కి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. వాళ్ళమ్మ చెప్పిన కోట కథ నిజమేనా, ఆ మెడల్ ఉందా అని. నీ మాట గుర్తొచ్చి, లేదమ్మా, అది వీధిలో కొన్న బిళ్ళట, అమ్మకి ఎవరో అలా చెప్పి ఉంటారు అన్నాను. సరే అని ఫోన్ పెట్టేసింది, పాపం."

క్రిస్మస్ నాటికి సంగతి నాకు తెలిసి నెల దాటింది.

ఆయన అప్పటికప్పుడే ఆ కూతురికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, అంచు మీది పేరు ఒక్కో అక్షరమే చదివారు. ఆయన ముగించకముందే ఆవిడ ఆ పేరు పూర్తిగా పలికింది. అది వాళ్ళమ్మకి అమ్మమ్మ పేరు.

"మా కుర్రాడే కనిపెట్టాడు, వదలకుండా వెతికి మరీ" అంటూ అంకుల్ ఫోన్ నా చేతికిచ్చారు. ఆవిడ ఏడుస్తూ థాంక్స్ చెప్పింది. "ఇట్స్ నథింగ్" అన్నాను.

వారంలోగా అంకుల్ ఆ పతకాన్ని ఆవిడకి పంపించేశారు.

ఇంటికొచ్చాక "ఎప్పుడు తెలిసిందని అడిగారా?" అంది మా ఆవిడ.

"అడిగారు."

"ఏం చెప్పారు?"

నేను వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాను. తను మళ్ళీ అడగలేదు.

రెండేళ్ళ తర్వాత అంకుల్ వాళ్ళు తమ కూతురి దగ్గరికి, క్యారీ అనే ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అందరం కలిసి భోంచేస్తున్నప్పుడు ఆయన ఈ కథంతా చెప్పారు. "తప్పని తెలియగానే పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఆ వయసులో నేనైతే చెప్పేవాణ్ణి కాదేమో" అని నా భుజం తట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం పిల్లలకి అన్నం పెడుతూ ఉండిపోయింది. నేను ప్లేట్లోకి చూస్తూ పప్పు కలుపుకున్నాను. ఆంటీ వచ్చి నెయ్యి వేయనా అంటే, ఊ అన్నాను.