మందారం కొమ్మకు రోజూ తనిఖీ

చిట్కుల్‌కు వచ్చాక నేను కుండీలో నాటిన మందారం కొమ్మ ఒక్కటీ బతకలేదు. చిగురు వేసినట్టే వేసి ఎండిపోయేది. నేను బోరు నీళ్లను తిట్టుకునేదాన్ని. మా ఆయన మాత్రం "నీ చెయ్యి మంచిది గాదు" అని తేల్చేశాడు.

ఈ రోజు పొద్దున బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే, ఆయన నా కొత్త కొమ్మను మట్టిలోంచి పైకి లాగి, కింది కొసను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"వేర్లొచ్చినయా లేదా అని సూస్తున్న."

"రోజూ గిట్లనే పీకుతున్నవా?"

"మల్ల చెక్ చేయకుంటే ఎట్ల తెలుస్తది?"

ఆయనది ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ ఉద్యోగం. పుట్టీ పుట్టని వేరును రోజూ తెంపుతూ, కొమ్మ ఎండిన ప్రతిసారీ నా చేతినే తప్పుపట్టాడు. ఇప్పుడు మీరే చెప్పండి, మంచిది కానిది ఎవరి చెయ్యి?