మరకలమ్మ లెక్క తప్పిన మరక

లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ మరకలమ్మే. చొక్కా మీది మచ్చను కిటికీ వెలుతురుకు పట్టి ఒక్క చూపు చూసిందంటే అది టీయో కాఫీయో, నిన్నటిదో మొన్నటిదో చెప్పేస్తుంది. "తింటూ తింటూ ఫోను చూశారా సార్?" అని ఆమె అడిగితే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా తల గోక్కునేవాళ్ళు. మరక తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. నాలుగో కాలు చూపించినా ఒప్పుకోదు.

అలాంటి మనిషికి మనవడు పుట్టాడు. కొడుకు లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఇంట్లో ఉండేది అత్తా కోడలూ, వాళ్ళిద్దరినీ ఆడించే ఆ చిట్టి దొర. దొరగారికి ఆకలి దండిగా ఉంది, నిద్రా దండిగానే ఉంది. ఒక్కటే గొడవ. పాలు తాగి భుజం మీదికి చేరాడంటే చాలు, అందులో కొంత తిరిగి అప్పగించేవాడు. కక్కేసి, తనకేమీ సంబంధం లేనట్టు బోసినవ్వు నవ్వేవాడు.

మరకలమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తడిసిన గుడ్డ అందుకుని, అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు పట్టింది. గుడ్డలో సగం తడిసి ఉంది.

"తాగినదంతా గుడ్డకే పోశాడమ్మాయ్. పొట్టలో ఏం మిగిలింది? మళ్ళీ పట్టు."

కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. మళ్ళీ పట్టింది. కడుపు నిండిన వాడికి ఇంకా పడితే ఏమవుతుంది? ఈసారి రెండు గుడ్డలు తడిశాయి. మరకలమ్మ రెండూ చూసి, "చూశావా, ఇందాకటికంటే ఎక్కువ పోయింది. ఇంకోసారి పట్టు" అంది. ఇలా చిలికి చిలికి గాలివాన అయింది. పిల్లాడికి పట్టడం, గుడ్డ చూడటం, మళ్ళీ పట్టడం, ఈ మూడు పనులతోనే ఆ ఇంట్లో పొద్దు పోయేది. కోడలి కళ్ళు లోతుకు పోయాయి. కంచం ముందు కూర్చున్న రెండో ముద్దకే లేవాల్సి వచ్చేది.

చివరికి ఒక రోజు పొద్దున్నే మరకలమ్మ తీర్పు చెప్పేసింది.

"నీ పాలు వాడికి పడట్లేదమ్మాయ్. నీ తప్పని అనట్లేదు. ఆపేసి డబ్బా పాలు మొదలుపెడదాం."

 పిల్లాడు రొమ్ము పట్టి, కళ్ళు మూసుకుని, చిన్న చెయ్యి తన మీద వేసుకునే ఆ కాసేపే కోడలికి రోజంతటిలో సుఖం. అది కూడా పోతుందంటే తట్టుకోలేకపోయింది. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తగారికి ఎదురు చెప్పింది.

"ఒక్కసారి డాక్టరమ్మగారికి చూపిద్దాం అత్తయ్యా. ఆవిడ ఆపమంటే ఆ క్షణమే ఆపేస్తాను."

మరకలమ్మ సరేనంది. సాక్ష్యం లేకుండా వెళ్ళడం ఆమెకు చేతకాదు కనక, రెండు రోజుల గుడ్డలు ఉతక్కుండా సంచిలో కుక్కింది. క్లినిక్కులోకి ముందు ఆ పులిసిన వాసన వెళ్ళింది, దాని వెనక ఆమె వెళ్ళింది. డాక్టరమ్మ బల్ల మీద గుడ్డలన్నీ ఒక్కొక్కటే పరిచి, "ఇదండీ మావాడి తిండి" అంది.

డాక్టరమ్మ గుడ్డల వంక చూసి, ముక్కు మూసుకోకుండా మర్యాద కాపాడుకుని, పిల్లాణ్ణి త్రాసులో పడుకోబెట్టింది. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, పోయినసారి బరువుతో పోల్చుకుంది.

"బాగా పెరిగాడు. కక్కేటప్పుడు దూరంగా ఎగజిమ్ముతున్నాడా, నోటి పక్క నుంచి కారుతోందా?"

"కారుతుందండి. ఒక్కోసారి తేన్పుతో పాటు వచ్చేస్తుంది" అంది కోడలు.

"పచ్చగా గానీ, నెత్తురు చారలు గానీ?"

"లేదండి. తెల్లగా, విరిగిన పాలలాగా ఉంటుంది."

"ఉచ్చ బాగా పోస్తున్నాడా?"

"గుడ్డలు ఆరేయడానికి తాడు చాలట్లేదండి."

డాక్టరమ్మ నవ్వింది. "అయితే భయం లేదు. వీడి పొట్ట చిన్నది. పొట్ట పైన మూతలా ఉండే కండరం ఇంకా గట్టిపడలేదు, అందుకే నిండగానే పైకి తంతుంది. కూర్చోవడం, నడవడం వచ్చేసరికి చాలామందికి తగ్గిపోతుంది. తల్లిపాలు ఆపడానికి నాకు కారణమేమీ కనబడట్లేదు. కక్కగానే మళ్ళీ పట్టకండి, ఆకలేసి అడిగినప్పుడు పట్టండి. తాగాక తేన్పు తీయించి, కాసేపు నిటారుగా ఎత్తుకోండి. పడుకోబెట్టేది మాత్రం వెల్లకిలానే. ఎగజిమ్మినట్టు కక్కినా, పచ్చగానో ఎర్రగానో వచ్చినా, పాలు వద్దని మొరాయించినా, బరువు పెరగకపోయినా, ఉచ్చ తగ్గినా, మగతగా పడున్నా వెంటనే తీసుకురండి."

 ఇల్లు చేరాక మరకలమ్మ, "త్రాసులు కూడా పాడవుతుంటాయి" అంది. కోడలు పిల్లాణ్ణెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు లాండ్రీలో మరకలమ్మకు చేతిలో పని సాగలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన టీ కోసం తెప్పించిన పాలు ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత చిరిగిన పాత దుప్పటి ముక్కొకటి బల్ల మీద పరిచి, చెంచాతో పాలు తీసి దాని మీద ఒంపింది.

పాలు పాకాయి. అరచేయంత అయ్యాయి, అది దాటి ఇంకా పాకాయి. మరో చెంచా ఒంపింది. సంచిలో మోసుకెళ్ళిన గుడ్డల్లో అన్నిటికంటే పెద్ద మరక ఎంత ఉందో, సరిగ్గా అంత అయింది. ఆమె చెంచా వంక చూసింది, గుడ్డ వంక చూసింది. ఈ రెండు చెంచాలకా నేను ఇల్లు పీకి పందిరేసింది అనుకుంది. జీవితమంతా మరకలు తీసిందే తప్ప, ఒక్క మరకైనా తన చేత్తో చేసి చూడలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

యజమానికి చెప్పి పెందలాడే ఇంటికి బయల్దేరింది. తలుపు తీసే ఉంది. పిల్లాడు ఉయ్యాల్లో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. స్నానాల గదిలో కోడలు కుళాయిని సన్నగా, చప్పుడు కాకుండా విప్పుకుని ఏదో పిండుతోంది. అత్తగారి నీడ పడగానే ఉలిక్కిపడి, తడి గుడ్డల్ని వెనక్కి దాచుకుంది. నీళ్ళు కాళ్ళ మీదుగా కారిపోతున్నాయి.

"ఎందుకమ్మా దాస్తున్నావు?"

కోడలు తల దించుకుంది. "మీరు చూస్తే మళ్ళీ పట్టమంటారని. వాడు వద్దని మొహం తిప్పుకుంటాడు అత్తయ్యా. అయినా నోట్లో పెట్టాలంటే నాకు ఏడుపొస్తోంది."

 కన్నతల్లి తన బిడ్డ గుడ్డల్ని దొంగసొత్తులా దాచుకునే గతి తనవల్లే పట్టిందని మరకలమ్మకు అర్థమైంది. ఆ తడి గుడ్డలు అందుకుంది. ఈసారి వెలుతురుకు పట్టలేదు. బకెట్లో పడేసింది.

"నీ పాలకేం తక్కువ లేదు. నా లెక్కే తప్పు. రెండు చెంచాల పాలకు గుడ్డంతా తడుస్తుందని ఈ వయసులో ఇవాళ తెలిసింది నాకు. నువ్వేం ఆపొద్దు."

 కోడలు తడి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

పిల్లాడు కక్కడం మానాడా అంటే, లేదు. కాస్త తగ్గించాడు, అంతే. ఒక ఆదివారం మధ్యాహ్నం పాలు తాగినవాణ్ణి మరకలమ్మ నిటారుగా భుజానికెత్తుకుని, వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. కోడలు కంచం ముందు కూర్చుంది. బ్రేవుమని తేన్పు వచ్చింది, దాని వెనకే వెచ్చగా పాలు మరకలమ్మ భుజం మీంచి వీపు దాకా జారాయి.

కోడలు తలెత్తి చూసింది. అత్తగారు నడక ఆపలేదు. కోడలు మళ్ళీ కంచంలోకి వంగి, ఇంకాస్త వడ్డించుకుని, కడుపు నిండా తిని లేచింది.