మా మిల్లుకు వచ్చిన టైం సారు

మా టైం సారు ఇక లేరు. ఈ మధ్య ఒక పొద్దున మార్కెట్ యార్డు ముందరి చాయ హోటల్లో కూర్చుని ఉంటే, నాతో పాటు హమాలీ చేసిన దోస్తు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎర్కేనారా, టైం సారు పోయిండట. పండుకున్నోడు పండుకున్నట్టే."

"ఎవలు చెప్పిండ్రు?"

"వాళ్ళ గల్లీల పాలు పోసెటోడు."

ఈ వయసులో ఇట్లాంటి కబురు వింటే ఏడుపు రాదు. చాయ తాగి లేచి ఇంటికి నడిచేసరికే అలసట వచ్చింది.

చదివేవాళ్ళలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. ఆర్మూర్‌లో పసుపు మిల్లుల్లో పని చేసిన పాతవాళ్ళకు తెలుసు. ఆయన పేరు నేను ఎన్నడూ పలకలేదు, ఇప్పుడూ పలకను. నేను ఊరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పెద్ద మాటలు రావు. మనసులో ఉన్నది రాస్తున్నాను.

అప్పుడు నేను ఒక పసుపు మిల్లులో సంచులు మోసేవాణ్ణి. మా వదినె అదే మిల్లులో పసుపు ఏరేది. పొడుగు కాడి ఒక దిక్కు, గుండ్రటి గోల ఒక దిక్కు, విరిగిన చూర ఒక దిక్కు. మా అన్న చిన్న వయసులోనే పోయాడు. ఇద్దరు ఆడపిల్లలను ఆ పని మీదనే సాకింది. ఆమె చూపు మసకబారడం అప్పటికే మొదలైంది. చేయి నెమ్మది. మిల్లులో పని సాగడం లేదని, ఎవరు ఎంతసేపట్లో ఎంత చేస్తున్నారో చూసి చెప్పేందుకు మిల్లు ఓనరు సేఠు పట్నం నుంచి ఒక సారును పిలిపిస్తున్నాడని తెలిసినప్పుడు, మా ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినలేదు. నెమ్మదిగా చేసేవాళ్ళను తీసేస్తారని అందరి నోటా అదే మాట.

సారు వచ్చారు. తెల్ల అంగీ, చేతిలో నొక్కితే ఆగే గడియారం. ఏరేవాళ్ళ ముందు నిలబడ్డారు. ఇంక చూడాలి. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళ చేతులు పరుగు పెట్టాయి. మేము సంచులు పట్టుకుని ఉరికాం. సారు కొంతసేపు చూసి, గడియారం జేబులో వేసుకున్నారు.

"మిమ్ముల ఎవలన్న తరుముతున్నరా అమ్మా?"

మా వదినె తల ఎత్తకుండానే చెప్పింది. "లేదు సారూ. మీరు నిలబడ్డరు గద. పెద్దమనిషి నిలబడంగ మేం సుస్తుగ కూసుంటే బాగుంటదా?"

"గిట్ల ఉరికిన టైం నేను రాసుకుంటే, రేపటి సంది సేఠు దినాం గిట్లనే ఉరుకుమంటడు. ఉరుకుతరా?"

అందరి చేతులూ ఆగిపోయాయి. కొత్త మనిషి ముందు మర్యాద పోకూడదని మా మెడకు మేమే ఉరి బిగించుకుంటున్నామని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"మల్ల మమ్ముల ఏం జెయ్యమంటరు?" అంది వదినె.

"ఏం జెయ్యకుండ్రి. నన్ను మర్శిపోండ్రి."

ఆ తర్వాత చాలా రోజులు ఆయన గడియారం బయటకు తీయలేదు. ఖాళీ సంచుల కుప్ప మీద కూర్చునేవారు. మాతోనే టిఫిన్ డబ్బా విప్పేవారు. మా పచ్చడి అడిగి మరీ వేయించుకునేవారు. తెల్ల అంగీ పచ్చబడింది. ఒకనాడు మా వదినె సంచి గుంజుతూ, "ఓ సారూ, జర కాలు తియ్యి. గీడ కూసుని మా తోవ ఆపుతున్నవు" అని గద్దించింది. పక్కన ఉన్నవాళ్ళు నాలుక కరుచుకున్నారు. సారు మాత్రం నవ్వుతూ కాళ్ళు మడుచుకుని, అప్పుడు గడియారం తీశారు.

ఆయన కొలిచే తీరు వేరుగా ఉండేది. నీళ్ళకు లేచినా, కొంగుతో కళ్ళు తుడుచుకున్నా, నడుము పట్టుకుని నిలబడ్డా, అదీ రాసుకునేవారు. గుమస్తాకు అది నచ్చలేదు.

"సారూ, నీళ్ళు తాగుడు గూడ పనేనా?"

"పనే. గా టైం కోసేస్తే మాపటిదాక చెయ్యి నడుస్తదా? నువ్వొక్కనాడు గీడ కూసోని ఏరు, ఎర్కయితది."

ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "మనిషి మెల్లగ లేడు, సంచి దూరమున్నది." నిజంగానే దూరం ఉంది. ఆడవాళ్ళు ఏరేదానికన్నా లేచి సంచి గుంజుకు రావడానికే ఒళ్ళు హూనం చేసుకునేవారు. మేము సంచి భుజాన పెట్టుకుని పాలిష్ డ్రమ్ము దాకా మెట్లెక్కేవాళ్ళం. సారు జల్లెడ కింద ఏటవాలు చెక్కబల్ల చేయించారు. పసుపు దానంతట అదే ఆడవాళ్ళ ముందుకు జారేది. కింద కూర్చునేవాళ్ళకు పీటలు వచ్చాయి. లారీ ఎత్తుకు సమంగా డ్రమ్ము దాకా గద్దె కట్టించారు, మాకు మెట్లెక్కే పని తప్పింది. ఆ ఏడాది నేను నడుముకు నూనె రాయించుకోలేదు. వదినె మోకాళ్ళు పట్టుకోకుండా లేచి నిలబడడం చూశాను.

పని తేలికైంది. తేలికైన పని తొందరగా ఒడిసింది. మధ్యాహ్నం దాటేసరికి ఆడవాళ్ళు ఖాళీగా కూర్చునేవారు. సేఠు అది చూశాడు.

నేను కాంటా దగ్గర ఉన్నాను. ఆఫీసు తలుపు తెరిచే ఉంది.

"నేను పని తేలిక జెయ్యనీకి వచ్చిన సేఠు. మనుషుల తగ్గియ్యనీకి రాలే."

"నేనేమన్న తప్పంటున్ననా? తేలికైన పనికి గింతమంది ఎందుకు? మీరే చెప్పుండ్రి."

సారు కొంతసేపు వాదించారు, గొంతు పెంచారు కూడా. తర్వాత బయటకు వచ్చి ఆ చెక్కబల్ల దగ్గర నిలబడి, దాని అంచు మీద అరచెయ్యి పెట్టుకుని ఉండిపోయారు.

మరుసటి సీజనుకు నెమ్మదిగా ఏరేవాళ్ళను రావద్దన్నారు. అందులో మా వదినె ఉంది.

కొన్నాళ్ళకు సారు మా ఇంటికి వచ్చారు. వదినె అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంటోంది.

"అమ్మా, గిట్లయితదని నేననుకోలే."

"కూసోండ్రి సారూ. మీరొచ్చినంక నా మోకాళ్ళ నొప్పి పోయింది. పని గూడ పోయింది. రెండు ఒక్కపారే పోయినయి."

అందులో ఎత్తిపొడుపు ఉందో, ఉన్నమాటే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. సారు కూర్చున్నారు. చాయ తాగారు. ఆయన చూపు ఆమె చేతుల వెంటే తిరుగుతోంది. ఆకు తీయడం, కత్తిరించడం, మళ్ళీ వంగి ఆకు తీయడం. "అమ్మా, ఆ ఆకుల గంప జర దగ్గరికి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"చెప్పుండ్రి, ఆగిండ్రేంది?"

"ఏం లేదమ్మా" అని లేచి వెళ్ళిపోయారు.

తర్వాత ఆయన ఆర్మూర్‌లోనే కిరాయికి ఇల్లు తీసుకుని ఉండిపోయారు. వేరే మిల్లులవాళ్ళు పిలిచేవారు. పని తేలికైనాక కూడా ఉన్నవాళ్ళను అందరినీ ఉంచుతారా అని ముందే అడిగేవారట. సరిగా జవాబు రాకపోతే చాయ కూడా తాగకుండా వచ్చేసేవారట. రాను రాను పిలిచేవాళ్ళు తగ్గారు. బస్టాండులో ఎప్పుడైనా కలిస్తే నన్ను ఒకటే అడిగేవారు. "మీ వదినె మంచిగున్నదా? ఇంక బీడీలేనా?" అవును సారూ అనేవాణ్ణి. తల ఊపేవారు. ఇంటికి వచ్చి చెబితే వదినె, "అడుగనియ్యి" అనేది. ఇన్నేళ్ళూ అంతే నడిచింది.

ఆయన పోయిన ఐదో రోజు నేను సారు ఇంటికి బయల్దేరుతుంటే వదినె చెప్పులు వేసుకుంది. "నేను గూడ వస్త" అంది. ఇద్దరం మెల్లగా నడిచాం. దారిలో రెండుచోట్ల కూర్చున్నాం.

సారు భార్య ఇంటి ముందరి రేకుల కింద చాప వేసుకుని, పక్కన సంచి పెట్టుకుని, దినాలకు బియ్యం ఏరుతోంది. చుట్టాలు ఎవరూ లేరు. వదినె పక్కన కూర్చుంది. తానెవరో చెప్పింది. సారు భార్య చేట పక్కకు పెట్టి వదినె మొహంలోకి చూసింది.

"నువ్వేనా? ఆయన నీ గురించి మస్తు బాధపడుతుండె. నీకు కోపం ఉన్నదో లేదో అడగాలె, అడగాలె అని, ఎన్నడు అడగకపాయె."

వదినె కొంగు సర్దుకుంది.

"కోపం పెట్టుకుందామనే అనుకున్ననమ్మా" అంది. "పిల్లలు, బీడీలు. నాకు తీరిక దొరకలె."

సారు భార్య నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదినె ఆమె పక్కనున్న చేటను తన ఒళ్ళోకి తీసుకుని ఏరసాగింది. ఒక్కొక్క రాయి వేలితో తడిమి చూసి చాప అవతలికి వేసింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎండ చాప మీదకు వస్తే ఇద్దరూ కలిసి చాపను ఇంత వెనక్కి జరుపుకున్నారు. సంచిలో బియ్యం ఇంకా చాలా ఉన్నాయి.